కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో నియామకం

భారతదేశంలో పోలీసు రాష్ట్రాల వ్యవహారం. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో శాంతిభద్రతలు, పోలీసు రెండూ రాష్ట్ర జాబితాలోనే ఉన్నాయి. అయినా కేంద్ర హోం శాఖ కింద సుమారు పది లక్షల మంది సాయుధ సిబ్బంది పనిచేస్తున్నారు. ఎన్నికల నాడు పోలింగు కేంద్రం ముందు రైఫిల్ పట్టుకుని నిలబడేది వీళ్లే. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుల్ని తనిఖీ చేసేది, విశాఖ ఉక్కు కర్మాగారం గేటు కాసేది, పాకిస్తాన్ సరిహద్దు కంచె వెంట రాత్రిళ్లు గస్తీ తిరిగేది కూడా వీళ్లే. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్, ఐటీబీపీ, ఎస్ఎస్‌బీ అనే ఈ ఐదింటినీ కలిపి కేంద్ర సాయుధ పోలీసు బలగాలు అంటారు. అస్సాం రైఫిల్స్‌ పాలన హోం శాఖది, కార్యకలాపాల అదుపు సైన్యానిది. కానిస్టేబుల్ నియామకాల్లో మాత్రం అదీ ఈ ఐదింటితో కలిసే వస్తుంది. ఎన్ఎస్‌జీకి నేరుగా ఎవరినీ తీసుకోరు. సైన్యం నుంచి, ఈ బలగాల నుంచి డెప్యుటేషన్ మీద వెళ్లాల్సిందే.

వీటిలో సీఆర్పీఎఫ్ పుట్టుక 1939 జులై 27న, నీమచ్‌లో. అప్పటి పేరు క్రౌన్ రిప్రజెంటేటివ్స్ పోలీస్. సంస్థానాల్లో అలజడి రేగితే అణచడానికి బ్రిటిష్ ప్రభుత్వం పెట్టుకున్న దళం అది. 1949లో చట్టంతో ఇప్పటి పేరు వచ్చింది. చైనా యుద్ధ సమయంలో 1962లో ఐటీబీపీ, పాకిస్తాన్ యుద్ధం తర్వాత 1965లో బీఎస్ఎఫ్, ప్రభుత్వ రంగ కర్మాగారాల రక్షణకు 1969లో సీఐఎస్ఎఫ్ ఏర్పడ్డాయి. కేంద్ర బలగాలను రాష్ట్రాల్లో మోహరించే అధికారం 1976లో 42వ సవరణ ద్వారా కేంద్ర జాబితాలోకి చేరింది.

మూడు అంచెలు

ఈ బలగాల్లో చేరడానికి పెద్ద దారులు మూడు. పదో తరగతి పాసైనవాళ్లకు కానిస్టేబుల్ జనరల్ డ్యూటీ, అంటే కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద కనిపించే ‘జీడీ’. డిగ్రీ చదివినవాళ్లకు సబ్ ఇన్‌స్పెక్టర్. అదే డిగ్రీతో యూపీఎస్సీ పరీక్ష రాసి అసిస్టెంట్ కమాండెంట్ కావచ్చు. మొదటి రెండింటినీ స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహిస్తుంది. వంటవాళ్లు, క్షురకులు, చాకలి పనివాళ్లు, డ్రైవర్ల వంటి ట్రేడ్స్‌మెన్ పోస్టులకు ఆయా బలగాలు విడిగా నోటిఫికేషన్లు ఇచ్చుకుంటాయి.

వేతన శ్రేణిలో జీడీ కానిస్టేబుల్ మూడో లెవెల్‌లో మొదలవుతాడు. ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం 21,700 రూపాయలు. సబ్ ఇన్‌స్పెక్టర్‌ది ఆరో లెవెల్, 35,400. అసిస్టెంట్ కమాండెంట్‌ది పదో లెవెల్, 56,100. కరవు భత్యం, పనిచేసే చోటును బట్టి వచ్చే కష్ట భత్యాలు వీటికి అదనం.

సంఖ్యలో చూస్తే అసలు కథంతా జీడీదే. 2018 నోటిఫికేషన్‌కు దేశమంతటా 50 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2024 ఫిబ్రవరి 10 నుంచి మార్చి 7 వరకు 128 నగరాల్లో జరిగిన పరీక్షకు సుమారు 48 లక్షల మంది నమోదయ్యారు. పల్లెటూరి పేద కుటుంబానికి పదో తరగతి చదువుతో దొరికే స్థిరమైన కేంద్ర ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా మిగల్లేదు. ఆ రద్దీ అందుకే.

ఖాళీల పంపకం

నోటిఫికేషన్ ఒక్కటే, పరీక్ష ఒక్కటే కాబట్టి దేశం మొత్తానికీ ఒకే ర్యాంకుల జాబితా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. ఖాళీల్లో 60 శాతాన్ని జనాభా నిష్పత్తిలో రాష్ట్రాలకు పంచుతారు. సరిహద్దు కాపలా బలగాల్లో 20 శాతం సరిహద్దు జిల్లాలకు, మిగతా 20 శాతం నక్సల్ లేదా తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలకు పోతుంది; సీఆర్పీఎఫ్, సీఐఎస్ఎఫ్‌లో ఆ 40 శాతమంతా ప్రభావిత ప్రాంతాలకే. ఒక్కో రాష్ట్రం వాటాను మళ్లీ సామాజిక వర్గాల వారీగా, స్త్రీ పురుషుల వారీగా, బలగాల వారీగా విడగొడతారు. ఇలా వందలకొద్దీ గడులు ఏర్పడతాయి. ప్రతి గడికీ దాని కటాఫ్ దానిదే. ఇదే నోటిఫికేషన్‌లో వచ్చే దిల్లీలోని సచివాలయ భద్రతా దళం పోస్టులకు మాత్రం ఈ రాష్ట్రాల వాటా లేదు, అఖిల భారత స్థాయిలో నింపుతారు.

తెలుగు రాష్ట్రాలకు ఈ పంపకం ఏం చేస్తుందో గమనించాలి. ఆంధ్రప్రదేశ్‌కు గానీ తెలంగాణకు గానీ అంతర్జాతీయ భూసరిహద్దు లేదు. కాబట్టి సరిహద్దు జిల్లాల 20 శాతం వాటా రాజస్థాన్, పంజాబ్, జమ్మూకశ్మీర్, పశ్చిమ బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల వంటి వాటి వైపు పోతుంది. మనకు మిగిలేది జనాభా వాటా, దానికితోడు నోటిఫికేషన్ అనుబంధంలో నక్సల్ ప్రభావితంగా చూపిన జిల్లాల వాటా. భద్రాచలం ఏజెన్సీ కుర్రాడు, గుంటూరు పట్టణంలో కోచింగ్ తీసుకున్న కుర్రాడు ఒకే ప్రశ్నపత్రం రాసినా పోటీ పడే గడులు వేరు కావచ్చు. హోం శాఖ ప్రభావిత జిల్లాల జాబితాను ఎప్పటికప్పుడు కుదిస్తూ వస్తోంది. నిన్నటిదాకా జాబితాలో ఉన్న జిల్లా రేపటి నోటిఫికేషన్‌లో ఉండకపోవచ్చు.

ఈ ఏర్పాటు న్యాయమైనదేనా అంటే, చాలావరకు న్యాయమైనదే. దేశవ్యాప్త ర్యాంకు పెడితే కోచింగ్ బాగా నాటుకున్న నాలుగైదు రాష్ట్రాలే బలగాలను నింపేస్తాయి. బస్తర్ నుంచో మణిపూర్ నుంచో పిల్లలు రారు. కానీ దీంతోపాటే ఒక అక్రమం పుట్టింది. స్థానికత పత్రానికి అంత విలువ ఉన్నప్పుడు నకిలీ పత్రానికీ ధర పలుకుతుంది. ఇతర రాష్ట్రాల అభ్యర్థులు పశ్చిమ బెంగాల్ సరిహద్దు జిల్లాల వాసులమని దొంగ పత్రాలు పుట్టించి, అక్కడి తక్కువ కటాఫ్‌తో చేరారన్న ఆరోపణలు కలకత్తా హైకోర్టు దాకా వెళ్లాయి. 2023లో సీబీఐ కేసు నమోదు చేసింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక గడిలో అర్హులు తక్కువైతే ఆ పోస్టులు ఖాళీగా మిగిలిపోతాయి. 2018 నోటిఫికేషన్‌లో చూపిన పోస్టులు చివరకు 60,210. 2021లో వచ్చిన తుది ఫలితాల్లో సుమారు నాలుగు వేలు నిండలేదు. నిరీక్షణ జాబితా లేదు, మిగిలినవి తర్వాతి నోటిఫికేషన్‌కు పోతాయి. మెడికల్ పాసై కూడా ఎంపిక కాని అభ్యర్థులు ఆ ఖాళీలు తమకివ్వాలంటూ 2022 వేసవిలో నాగపూర్ నుంచి దిల్లీకి కాలినడకన బయలుదేరారు. వయోపరిమితి దాటిపోయినవాళ్లకు తర్వాతి నోటిఫికేషన్ వల్ల ఒరిగేదేమీ లేదన్నది వాళ్ల బాధ.

పరీక్ష, భాష

జీడీ పరీక్ష కంప్యూటర్ మీద జరుగుతుంది. ఇప్పటి పద్ధతిలో 80 ప్రశ్నలు, 160 మార్కులు, గంట సమయం. రీజనింగ్, జనరల్ నాలెడ్జ్, పదో తరగతి స్థాయి లెక్కలు, భాష ఒక్కోదానికి 20 ప్రశ్నలు. ప్రశ్నకు ముప్పావు నిమిషం. తప్పు జవాబుకు పావు మార్కు కోత. వేర్వేరు షిఫ్టుల్లో రాసినవాళ్ల మార్కులను నార్మలైజేషన్ సూత్రంతో సరిచూస్తారు. ఎన్‌సీసీ సీ సర్టిఫికెట్ ఉంటే గరిష్ఠ మార్కుల్లో 5 శాతం, బీ ఉంటే 3, ఏ ఉంటే 2 శాతం అదనంగా కలుస్తాయి. గంట పరీక్షలో ఇది చిన్న మేలు కాదు. 160కి 5 శాతమంటే 8 మార్కులు, నాలుగు ప్రశ్నల విలువ. కటాఫ్ దగ్గర అర మార్కు తేడాతో వేలమంది నిలబడే చోట నాలుగు ప్రశ్నల దూరం చాలా ఎక్కువ.

2023 వరకు ఈ ప్రశ్నపత్రం హిందీ, ఇంగ్లిష్‌లోనే ఉండేది. ఆ ఏడాది సీఆర్పీఎఫ్ కూడా ఆ రెండు భాషల్లోనే పరీక్ష అంటూ విడిగా ఇచ్చిన నోటిఫికేషన్‌తో దుమారం రేగింది. తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్, తెలంగాణ మంత్రి కేటీఆర్ కేంద్రానికి లేఖలు రాశారు. ఏప్రిల్ 15న హోం శాఖ తన నిర్ణయం ప్రకటించింది: 2024 జనవరి 1 నుంచి తెలుగు సహా 13 ప్రాంతీయ భాషల్లోనూ కానిస్టేబుల్ పరీక్ష. అలా తొలిసారి తెలుగులో జరిగింది 2024 ఫిబ్రవరిలో. అయితే నాలుగో భాగం, భాష, నేటికీ ఇంగ్లిష్ లేదా హిందీయే. తెలుగు మాధ్యమం ఎంచుకున్నా ఆ 20 ప్రశ్నలు, అంటే పావు వంతు మార్కులు, రెంటిలో ఒకదానిలో రాయక తప్పదు. హిందీ మాతృభాషగా ఉన్నవాడికి ఆ పావు వంతు అమ్మ చేతి ముద్ద. మనవాడికి పరభాష. పోటీ ప్రధానంగా రాష్ట్రం లోపలే కాబట్టి ఈ తేడా పూర్తిగా ముంచదు గానీ, తెలుగులో రాయొచ్చన్న మాట విని భాషా భాగాన్ని పట్టించుకోనివాళ్లు నష్టపోతారు.

గ్రౌండ్

రాత పరీక్ష దాటినవాళ్లను దేహదారుఢ్య పరీక్షలకు పిలుస్తారు. పురుషులు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో, మహిళలు 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో పరుగెత్తాలి. మార్కులు లేవు, నెగ్గితే చాలు. 400 మీటర్ల ట్రాక్ మీద పురుషులకు ఇది పన్నెండున్నర చుట్లు, చుట్టుకు 115 సెకన్లు. తెలుగు కుర్రాళ్లలో ఎక్కువమంది రాష్ట్ర పోలీసు ఈవెంట్స్ కోసం తయారై ఉంటారు. తెలంగాణలో 2022 నియామకాల్లో పురుషులకు 1600 మీటర్ల పరుగు, 7 నిమిషాల 15 సెకన్ల గడువు పెట్టారు. లెక్క వేస్తే దాని వేగం జీడీ పరుగు కన్నా కొంచెం ఎక్కువే. నాలుగు చుట్లు ఆ వేగంతో తిరిగినవాడికి ఇదేం లెక్క అనిపిస్తుంది. ఎనిమిదో చుట్టు దగ్గర తెలుస్తుంది. మొదటి రెండు చుట్లు ఒక్కోటి వంద సెకన్లలో లాగించి, ఆ తర్వాత పొట్ట పట్టుకుని ట్రాక్ పక్కకు తప్పుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. చుట్టుకు 112, 113 సెకన్లు తప్పకుండా తిరగడం ఒక్కటే ఇక్కడ నేర్చుకోవాల్సిన విద్య.

తెల్లవారకముందే అభ్యర్థులు క్యాంపు గేటు ముందు వరుస కడతారు. అడ్మిట్ కార్డు, ఆధార్ చూసి, వేలిముద్ర సరిపోల్చి, బ్యాచ్‌లుగా విడదీసి ఛాతీకి నంబరు కడతారు. పరుగు సమయాన్ని చాలా కేంద్రాల్లో చిప్ నమోదు చేస్తుంది, చేతి గడియారంతో వాదించడానికి వీల్లేదు. పరుగు నెగ్గినవాళ్లను అక్కడికక్కడే కొలతలకు తీసుకెళ్తారు. పురుషులకు ఎత్తు 170 సెంటీమీటర్లు, మహిళలకు 157. ఎస్టీలకు 162.5, 150. పురుషుల ఛాతీ 80 సెంటీమీటర్లు ఉండి, గాలి పీలిస్తే మరో 5 పెరగాలి. తెలుగు రాష్ట్రాల పోలీసు శాఖల్లో పురుషుల ఎత్తు 167.6 సెంటీమీటర్లు, మహిళలది 152.5. స్టేట్‌కు సరిపోయి సెంట్రల్‌కు సరిపోనివాళ్లు ఈ మధ్య గీతలో చిక్కుకుంటారు. 168 ఉన్న కుర్రాడు ఐదు కిలోమీటర్లు ఇరవై నిమిషాల్లో కొట్టినా లాభం లేదు. ఇంట్లో గోడకు ఆనుకుని సరిగ్గా కొలుచుకుంటే ఏడాది శ్రమ మిగిలేది.

మెడికల్, సర్టిఫికెట్లు

ఆశ ఎక్కువగా విరిగే చోటు మెడికల్. రాత, పరుగు కళ్ల ముందే జరుగుతాయి, ఎక్కడ తప్పామో తెలుస్తుంది. మెడికల్ బోర్డు ముందు మాత్రం అభ్యర్థి తన ఒంటి గురించి తనకే తెలియని సంగతులు వింటాడు. మోకాళ్లు ఒకదానికొకటి తాకడం, చదును పాదాలు, కాళ్లలో ఉబ్బిన నరాలు, చేయి చాచినప్పుడు మోచేతి దగ్గర కోణం ఎక్కువగా ఉండడం, మెల్లకన్ను, వర్ణాంధత్వం వంటివన్నీ చూస్తారు. కళ్లద్దాలు లేకుండా దూరదృష్టి ఒక కంట 6/6, రెండో కంట 6/9 ఉండాలి. ముందే ఒక మంచి ఎముకల డాక్టరుకు, కంటి డాక్టరుకు చూపించుకుంటే కొన్ని లోపాలు సరిచేసుకోవచ్చు, కొన్ని కుదరవని తెలుసుకోవచ్చు. అన్‌ఫిట్ అన్నారంటే అక్కడితో తలుపు మూసినట్టు కాదు, పునఃపరీక్షకు అవకాశం ఉంది.

పచ్చబొట్టు సంగతి విడిగా చెప్పుకోవాలి. సాంప్రదాయికంగా వేసుకునే దేవుడి గుర్తు, పేరు వంటివి అనుమతిస్తారు. కానీ అది సెల్యూట్ చేయని చేతి మీద, అంటే ఎడమ ముంజేతి లోపలి వైపున గానీ, అరచేతి వెనక వైపున గానీ ఉండాలి. ఆ భాగంలో పావు వంతుకన్నా పెద్దది కాకూడదు. కుడి ముంజేతి మీద అభిమాన నటుడి పేరు పొడిపించుకున్నవాళ్లు లేజర్ క్లినిక్‌ల చుట్టూ తిరుగుతున్నారు.

మెడికల్‌తో పాటే సర్టిఫికెట్ల పరిశీలన. తెలుగు అభ్యర్థులకు ఇక్కడ ఎదురయ్యే తంటాలు రెండు. మొదటిది కుల ధ్రువీకరణ. మీసేవలో తీసుకున్న రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ కేంద్ర ఉద్యోగానికి చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. అది చూసుకోకుండా ఓబీసీ అని దరఖాస్తు చేస్తే ఆ కోటా పోతుంది. రెండోది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో పేరు ముందు, ఇంటిపేరు వెనక ఉంటుంది. ఉత్తరాదిన కూర్చున్న పరిశీలకుడికి ఇవి ముగ్గురు మనుషుల పేర్లలా కనిపిస్తే అతన్ని తప్పుపట్టలేం. వీటితోపాటు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువీకరణ పత్రం. పైన చెప్పిన గడుల లెక్కంతా ఈ ఒక్క కాగితం మీదే నిలబడుతుంది. అందులో రాసిన జిల్లా, దరఖాస్తులో నొక్కిన జిల్లా ఒకటే కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాల విభజన జరిగాక ఇది మరింత జాగ్రత్తగా చూసుకోవాల్సిన విషయమైంది.

గెజిటెడ్ కాని పోస్టులకు కేంద్రం 2016 నుంచి ఇంటర్వ్యూలు ఎత్తేసింది. జీడీకీ, ఎస్ఐకీ ఇంటర్వ్యూ లేదు. ఇంటర్వ్యూయే లేని ఉద్యోగానికి సిఫార్సు చేయిస్తామని లక్షలు గుంజేవాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు.

మహిళలు, మాజీ సైనికులు

సీఆర్పీఎఫ్ 1986లోనే పూర్తి మహిళా బెటాలియన్ ఏర్పాటు చేసింది. 2016లో కేంద్రం సీఆర్పీఎఫ్, సీఐఎస్ఎఫ్ కానిస్టేబుల్ పోస్టుల్లో 33 శాతం, మిగతా మూడు సరిహద్దు బలగాల్లో 14, 15 శాతం మహిళలకు కేటాయించాలని నిర్ణయించింది. కోటా కాగితం మీద ఉన్నంత తేలిగ్గా బ్యారక్‌లలో నిండలేదు. మారుమూల పోస్టుల్లో వసతి, పిల్లల పెంపకం పెద్ద అడ్డంకులు. అగ్నిపథ్ పథకం వచ్చిన 2022లోనే మాజీ అగ్నివీరులకు ఈ బలగాల్లో 10 శాతం రిజర్వేషన్, వయసు సడలింపు ప్రకటించారు.

అధికారులుగా చేరేవారు

సబ్ ఇన్‌స్పెక్టర్ పోస్టులకు వయసు 20 నుంచి 25. మొదటి పేపర్ 200 మార్కులు, రెండోది పూర్తిగా ఇంగ్లిష్, మరో 200. మధ్యలో గ్రౌండ్: పురుషులకు 16 సెకన్లలో వంద మీటర్లు, ఆరున్నర నిమిషాల్లో 1.6 కిలోమీటర్లు, 3.65 మీటర్ల లాంగ్ జంప్, 1.2 మీటర్ల హై జంప్, షాట్‌పుట్. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చేసినవాళ్లను ఇక్కడ ఎక్కువగా ఆపేది రెండో పేపరే.

అసిస్టెంట్ కమాండెంట్ పరీక్షలో తొలి పేపర్ 250 మార్కుల ఆబ్జెక్టివ్, రెండోది 200 మార్కుల వ్యాసాలు, కాంప్రహెన్షన్. తర్వాత 150 మార్కుల ఇంటర్వ్యూ. ఎత్తు పురుషులకు 165, మహిళలకు 157 సెంటీమీటర్లు. సివిల్స్ రాసేవాళ్లు దీన్ని పక్క దారిగా చూస్తారు. అది పొరపాటు. ఇరవై నాలుగేళ్లకే వందమందికి పైగా జవాన్ల కంపెనీని నడిపించే బాధ్యత మీద పడే ఉద్యోగం ఇది. సీఐఎస్ఎఫ్ అధికారుల శిక్షణ హైదరాబాద్ శివారు హకీంపేటలోని జాతీయ పారిశ్రామిక భద్రతా అకాడమీలో జరుగుతుంది. బీఎస్ఎఫ్ వాళ్లది గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో.

ఈ అధికారుల పాత మనస్తాపం పదోన్నతులు. పై పదవుల్లో ఐపీఎస్ అధికారులు డెప్యుటేషన్ మీద వచ్చి కూర్చోవడంతో సొంత కేడర్‌వాళ్లు ఒకే ర్యాంకులో ఏళ్ల తరబడి ఉండిపోతున్నారు. 2025 మే 23న సుప్రీంకోర్టు ఈ కేడర్లను అన్ని విధాలా వ్యవస్థీకృత గ్రూప్ ఏ సర్వీసుగా గుర్తించాలంది. ఐజీ స్థాయి వరకు డెప్యుటేషన్ పోస్టులను రెండేళ్లలో క్రమంగా తగ్గించాలని కూడా ఆదేశించింది.

చేరాక

ఎంపికైన కానిస్టేబుల్‌కు పోలీసు విచారణ పూర్తయ్యాక బలగం నుంచి నియామక పత్రం వస్తుంది. శిక్షణ కేంద్రం సొంత రాష్ట్రంలో ఉండాలని లేదు. డ్రిల్, ఆయుధాలు, ఫైరింగ్, మ్యాప్ చదవడం, చట్టం నేర్పుతారు. ఆజ్ఞలన్నీ హిందీలో ఉంటాయి కాబట్టి శ్రీకాకుళం నుంచి వెళ్లిన కుర్రాడు భాషను బడిలో కన్నా పరేడ్ మైదానంలోనే వేగంగా పట్టుకుంటాడు. శిక్షణ తర్వాత మొదటి పోస్టింగ్ కశ్మీర్ కావచ్చు, దంతెవాడ కావచ్చు, దిల్లీ మెట్రో స్టేషన్ కావచ్చు. బలగాల ఎంపికలో అభ్యర్థి ఇచ్చిన ప్రాధాన్య క్రమం ఇక్కడే ప్రభావం చూపుతుంది. నగరాల్లో పని ఎక్కువని సీఐఎస్ఎఫ్‌ను మొదట పెట్టేవాళ్లు చాలామంది. అందుకే దాని కటాఫ్ తరచు పైన ఉంటుంది.

పదవీ విరమణ వయసు సీఐఎస్ఎఫ్ తప్ప మిగతా నాలుగు బలగాల్లో చాలాకాలం కమాండెంట్ స్థాయి వరకు 57, ఆపై 60గా ఉండేది. ఈ తేడా తగదని దిల్లీ హైకోర్టు 2019 జనవరిలో చెప్పడంతో, అదే ఏడాది ఆగస్టులో అందరికీ 60 చేశారు. పింఛను వివాదం ఇంకా నడుస్తోంది. 2004 జనవరి 1 తర్వాత చేరినవాళ్లు కొత్త పింఛను పథకం కిందికి వచ్చారు. త్రివిధ దళాలకు మాత్రం పాత పద్ధతే కొనసాగింది. ఈ బలగాలు కూడా కేంద్ర సాయుధ దళాలే కాబట్టి పాత పింఛను వర్తిస్తుందని 2023 జనవరి 11న దిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. కేంద్రం అప్పీలుకు వెళ్లగా అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది.